ట్యాంకు వెనక కుండీ

మల్లెమొక్క పూయకపోతే దానికేదో జబ్బు చేసిందంటారు. జబ్బు మొక్కకు కాదు, దాని పక్కన నిలబడ్డ మనిషికి. నలభై ఏళ్ళు నర్సరీలో మట్టి పిసికి నేను తెలుసుకున్నది ఇదే. ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. నేనెప్పుడూ వాడలేదు కూడా. మూడో తరగతితో బడి మానేసినవాడిని. మాటలు చదువుకున్నవాళ్ళ సొత్తు, వాళ్ళే వాడుకోనీ అనుకునేవాడిని.

నర్సరీకి వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకావిడ కారు దిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మా మల్లె నామీద అలిగిందండీ" అనేది. అలగడానికి అది నీ ఆడపడుచా? ఇంకొకాయన ఒక్క ఆకు తెంపి, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చేవాడు, ఊడిపోయిన పన్ను తెచ్చినట్టు. అందరికీ ఒకటే చెప్పేవాడిని. "ఎండలో పెట్టు." ఇంత దూరం వచ్చింది ఈ రెండు మాటలకా అన్నట్టు ముఖాలు పెట్టేవాళ్ళు. మొక్క పూశాక ఒక్కరు తిరిగొచ్చి చెప్పిన పాపాన పోలేదు. పూస్తే వాళ్ళ చెయ్యి మంచిది. పూయకపోతే నా మొక్క చెడ్డది.

నర్సరీలో నన్ను మూగాయన అనేవాళ్ళు. నేను దాన్ని బిరుదు కిందే లెక్కేసుకున్నాను.

మా అక్క కూతురు ఒక లాడ్జిలో పనిచేస్తుంది. నాలుగంతస్తుల లాడ్జి. కింద సెల్లారులో లాండ్రీ. ఆరేళ్ళు ఆ పిల్ల అక్కడే దుప్పట్లు ఇస్త్రీ చేసింది. కిటికీ లేని గది. గోడలకు ఎప్పుడూ చెమట పట్టి ఉంటుంది. ఆవిరి పీల్చి పీల్చి దానికి దగ్గు పట్టుకుంది. మెట్లెక్కబోతే సగంలో కూర్చుండిపోయేది. డాక్టరు చూసి, "ఆవిరిలోంచి బయటికి రా. రాకపోతే మందులు దండగ" అన్నాడట. ఈ కథలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే. తక్కువ మాట్లాడాడు.

అదే సమయానికి లాడ్జి డాబా మీద మొక్కలు చూసే మనిషి పని మానేశాడు. ముప్పై మూడు మల్లె కుండీలు. ఎండాకాలం సాయంత్రాలు, బసకు వచ్చినవాళ్ళు పైకెక్కి, పిట్టగోడ పక్కన కుర్చీల్లో కూర్చుని, ఆ వాసనలో టీ తాగుతారు. దానికోసమే ఏటా వచ్చేవాళ్ళున్నారట. ఆ పని తనకిమ్మని మా పిల్ల యజమానురాలిని అడిగింది. ఆవిడ ఇచ్చింది. ఒక మెలిక పెట్టి ఇచ్చింది. ఎండలు ముదిరేలోగా పూలు రావాలి. రాకపోతే మళ్ళీ సెల్లారుకే.

చలి తగ్గే రోజుల్లో పిల్ల నన్ను పిలిచింది. వెళ్ళి చూశాను. మొక్కలు ఒంటికొమ్మతో పైకి సాగిపోయి, కింద బోడిగా ఉన్నాయి. కట్టరు తీసుకుని చెయ్యి అందినవన్నీ మోకాలెత్తుకు నరికేశాను. మట్టి గుల్ల చేసి, పశువుల ఎరువు వేయించాను. చెప్పాల్సింది చెప్పాను.

"చిగుళ్ళొస్తాయి. కొసలు తుంచు. చూసినప్పుడల్లా తుంచు. జాలిపడకు."

కొస తుంచితే పక్కనుంచి రెండు కొమ్మలొస్తాయి. ఆ రెండూ తుంచితే నాలుగు. కొమ్మలెన్నో పూలన్ని. ఇది మాకు అఆలు. విడమరిచి చెప్పాల్సిన పనేముంది?

"మళ్ళీ ఎప్పుడొస్తారు మావయ్యా?" అంది పిల్ల.

"ఎందుకు? చెప్పింది చెయ్యి" అని వచ్చేశాను.

రెండు నెలలు గడిచాక పిల్ల మా గది తలుపు కొట్టింది.

"ఒక్క మొగ్గ లేదు మావయ్యా."

"ఎండ?"

"బోలెడు."

"నీళ్ళు?"

"మీరు చెప్పినట్టే. అమ్మగారు నెలాఖరు దాకా చూస్తానన్నారు. ఆ తర్వాత ప్లాస్టిక్ మొక్కలు పెట్టించి, పైన సెంటు కొట్టిస్తారట. మేనేజరుగారి ఐడియా. నన్ను కిందికి పంపేస్తారు."

సెంటు. ప్లాస్టిక్ మొక్కకు సెంటు. చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

డాబా మీద మేనేజరు ఎదురొచ్చాడు. తెల్ల బూట్లు వేసుకుని, తాళాలగుత్తి వేలికి తగిలించి గిరగిరా తిప్పే మనిషి. ఆ గుత్తిలో సగం తాళాలకు గదులే ఉండవని పిల్ల చెప్పింది.

"రండి పెద్దాయనా, రండి! పెద్ద డాక్టర్లందరూ అయిపోయారు. ఇంక మీరే మిగిలారు."

అతని పక్కనే కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడు. పన్నెండో నంబరు గదిలో రెండేళ్ళుగా ఉంటున్న రిటైర్డు మాస్టారు. చేతిలో ఫోను. ఆ ఫోనులో లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

"మీ క్వాలిఫికేషన్ ఏమిటండీ?" అన్నాడు.

"మూడు."

"మూడేళ్ళ డిప్లొమానా?"

"మూడో తరగతి."

మేనేజరు నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. పాపం, ఆయన దాన్ని కూడా ఫోనులో చూసేట్టున్నాడు.

ఇంక ఇద్దరూ వంతులు వేసుకుని మొదలుపెట్టారు. మాస్టారు అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు పోయించాడట. టీ పిప్పి వేయించాడట. గుడ్డు పెంకులు పొడి చేయించాడట. రోజూ సాయంత్రం ఒక గంట వేణువు పాట కూడా వినిపిస్తున్నాడట.

"మొక్కలకు ప్రాణం ఉందండీ" అన్నాడు నాకు కొత్త సంగతి చెబుతున్నట్టు.

"అందుకే మీ పాట వింటున్నాయి పాపం" అంది మా పిల్ల మెల్లగా, నాకొక్కడికే వినబడేట్టు.

మేనేజరు అంత సుకుమారం మనిషి కాదు. యూరియా బస్తా తెప్పించాడు. "వారానికో గుప్పెడు. చూడండి ఆకు ఎలా మెరుస్తోందో! బలం లేకపోతే అలా మెరుస్తుందా?"

ఆకు మెరుస్తోంది. నిజమే. ముదురాకుపచ్చ రంగు వేసినట్టుంది. మేత ఎక్కువైన గేదె పాలివ్వదు, ఒళ్ళు చేస్తుంది. ఈ మాట ఎవరికి చెప్పేది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను చెప్పలేదు. ఒంగి కుండీలు చూశాను. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. ఒక కుండీ పక్కకు వాల్చి, అంచు చుట్టూ తట్టి, మొక్కను మట్టితో సహా బయటికి లాగాను. వేళ్ళు తెల్లగా, ఆరోగ్యంగానే ఉన్నాయి. కుళ్ళు వాసన లేదు. వేళ్ళు చుట్టలు చుట్టుకోలేదు. మళ్ళీ కుండీలో దింపాను.

కొమ్మలు చూశాను. ఒక్కో మొక్కకు ముప్పై, నలభై. గుండ్రంగా, బంతిలా, ఒకదానితో ఒకటి కొలిచినట్టున్నాయి. మా పిల్ల చెయ్యి. చెప్పింది చెప్పినట్టు చేసింది. నాకు కడుపు నిండింది. ఇద్దరు చదువుకున్న వెధవల మధ్య ఒక్క మనిషి నా మాట విన్నదనుకున్నాను.

అప్పుడు గాలి ఇటు తిరిగింది. మల్లె వాసన వచ్చింది.

వాసన పట్టుకుని వెళ్ళాను. నీళ్ళ ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య జానెడు సందు. ఆ సందుకు అవతల, గోడ మూలకు ఇరుక్కుని ఒక కుండీ. పాత మనిషి ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటాడు. నరకడానికి కూడా నా చెయ్యి అందక నేనూ ఆనాడు వదిలేసిన కుండీ అది. ట్యాంకు కారి చుక్క చుక్క పడుతోంది. పడమటెండ తగులుతోంది. కొమ్మలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. దాని నిండా పూలు. నిన్న సాయంత్రం విచ్చినవి రాలి గోడ అంచు మీద పడున్నాయి.

"దీనికి ఎవరేం పెట్టారు?" అన్నాను.

"ఎవరూ ఏమీ పెట్టలేదు మావయ్యా. అక్కడికి చెయ్యి పోదు."

"అందుకే పూసింది" అన్నాను.

మేనేజరు తాళాలు తిప్పడం ఆపాడు. మాస్టారు ఫోను దించాడు. నాకు హాయిగా అనిపించింది. ఇలాంటి హాయి మనిషికి ఏడాదికోసారి కూడా దొరకదు.

"మేతంతా ఆపండి. మట్టి మీద తెల్లపొర గీకి పారేయండి. వారం రోజులు నీళ్ళు బంద్. ఆకు వాలాక నిండా పోయాలి. మొగ్గలొస్తాయి."

"సైంటిఫిగ్గా చూస్తే..." అని మాస్టారు అందుకున్నాడు.

నేను మెట్లు దిగుతున్నాను.

ఇరవై రోజులు నేనా వైపు పోలేదు. పోవాల్సిన పనేముంది? రోగం తెలిసింది, మందు చెప్పాను. పూలు వచ్చాయని కబురు వస్తుందని మాత్రం ఎదురుచూశాను. పైకి చెప్పుకోలేదు. మేనేజరు ముఖం ఎలా ఉంటుందో, మాస్టారి ఫోను ఏమంటుందో ఊహించుకుంటూ రోజులు గడిపాను.

కబురు రాలేదు. పిల్లే వచ్చింది. నా గదికున్న పది మెట్లకు మూడుసార్లు ఆగింది. ఆ దగ్గు వింటూనే లోపల కూర్చున్నాను.

"లాండ్రీలో ఒకామె రాలేదని నాలుగు రోజులు కింద వేశారు" అంది ఊపిరి కూడదీసుకుని. "పొద్దున మొక్కలు, మిగతా రోజంతా ఇస్త్రీ. మావయ్యా, ఇంకా మొగ్గల్లేవు. రేపు అమ్మగారు పైకొస్తారు. ప్లాస్టిక్ మొక్కలు దిగిపోయాయి. మెట్ల మీద వరసగా పెట్టారు."

"నీళ్ళు ఆపావా?"

"ఆపాను. వాలిపోయాయి. మళ్ళీ పోశాను. చిగుళ్ళు బాగా వచ్చాయి. పూలే లేవు."

"మేనేజరు దొంగతనంగా యూరియా వేస్తున్నాడు" అన్నాను.

"లేదు మావయ్యా. బస్తా తీసుకెళ్ళి స్టోర్లో పెట్టి తాళం వేశారు."

"తాళాలు ఉన్నది వాడి దగ్గరేగా."

నాకు అనుమానమే లేదు. అలాంటి మనిషి ఊరుకోడు. కందకు లేని దురద కత్తిపీటకని, మొక్క అడక్కపోయినా పెట్టేవాడు పెడుతూనే ఉంటాడు. రేపు తెల్లారేసరికి వెళ్ళి, చేతిలో గుప్పెడు ఉండగానే పట్టుకుందామనుకున్నాను.

తెల్లవారింది. లాడ్జి వెనక మెట్లెక్కాను. ప్రతి మెట్టు మీదా ఒక ప్లాస్టిక్ మొక్క, కవరు కూడా విప్పకుండా. పూలు తెల్లగా, పళ్ళపొడి డబ్బా మీద బొమ్మలా ఉన్నాయి. పైకెళ్ళి ట్యాంకు పక్కన నీడలో, పాత గోనెసంచి ఒకటి ఉంటే దాని వెనక కూర్చున్నాను. మూల కుండీ ఇంకా పూస్తూనే ఉంది.

మేనేజరు రాలేదు. మా పిల్ల వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, చేతిలో చెత్తచేటతో వచ్చింది. మొదటి కుండీ దగ్గర కూర్చుంది. బొటనవేలి గోరూ చూపుడువేలూ కలిపి ఒక కొస తుంచింది. ఇంకొకటి. ఇంకొకటి. వేళ్ళు ఎంత చురుగ్గా కదులుతున్నాయో! నర్సరీలో పదేళ్ళు చేసినవాళ్ళకు రాని ఒడుపు. తుంచిన కొస చేటలో పడుతోంది. మొక్క చుట్టూ తిరిగి, కంటికి ఒక్క లేత కొస కనబడకుండా చేసి, పక్క కుండీకి జరిగింది. మధ్యమధ్య దగ్గుతూ, దగ్గు ఆగేదాకా కుండీ అంచు పట్టుకుని, మళ్ళీ తుంచుతోంది.

నేను చూస్తూ కూర్చున్నాను. ఒక కుండీ, రెండు, ఐదు. నాకు అర్థమవుతోంది. అర్థం కాకూడదని కూర్చున్నాను. పదో కుండీ దగ్గర ఇంక కూర్చోలేకపోయాను.

"ఏం చేస్తున్నావు?"

పిల్ల ఉలిక్కిపడింది. "అమ్మో! మీరెప్పుడొచ్చారు మావయ్యా? కొసలు తుంచుతున్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు చెప్పినప్పటి నుంచీ. వారానికోసారి, అన్ని కుండీలూ. ఒక్క వారం కూడా మానలేదు. లాండ్రీలో వేసిన రోజుల్లో కూడా పొద్దున్నే వచ్చి..."

మల్లె మొగ్గ వేసేది కొసకే. ఆ సంగతి నేను దానికి చెప్పలేదు.

చేట తీసుకున్నాను. నా కళ్ళకు దగ్గరిది ఆనదు. ఒక కొస తీసి వేళ్ళమధ్య నలిపి చూశాను. లేతాకుల మధ్య గట్టిగా, నువ్వుగింజంత తగిలింది. ఇంకొకటి తీశాను. అందులో మూడు.

"ఇవి చూశావా నువ్వు?"

పిల్ల తల వంచుకుంది. "చూశా. పోయిన వారం నుంచి ఎక్కువగా ఉన్నాయి. ఒకటి రెండు బియ్యపు గింజంత కూడా ఉన్నాయి. చెయ్యి ఆగిపోయింది మావయ్యా. కానీ మీరు జాలిపడొద్దన్నారుగా."

"అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పింది చెయ్యి అంటారుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"అయితే మూల కుండీ..." అంది పిల్ల, తనే ముందుగా తెలుసుకుని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కడికి నా చెయ్యి పోదు."

ఆ మాట ఇరవై రోజుల కిందటే చెప్పింది. విన్నాను. విని, దాని మీద నా గొప్ప ఒకటి కట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాను.

"ఇన్నాళ్ళూ తుంచినవి ఏం చేశావు?"

"ఎరువవుతాయని ఎండబెట్టి దాచా" అని నేను ఆనుకుని కూర్చున్న గోనెసంచిని చూపించింది.

చెయ్యి పెట్టి చూశాను. మోచెయ్యి దాకా దిగింది. పైన పచ్చివి, అడుగున పొడిపొడిగా ఎండినవి. ఒక ఎండాకాలం మొత్తం ఆ సంచిలో ఉంది. అడుగునున్నవి తప్పు లేదు, అవి తుంచాల్సినవే. ఏ లోతు దాకా తుంచాల్సినవో, ఏ లోతు నుంచి తుంచకూడనివో చెప్పాల్సిన వెధవ ఒకడున్నాడు. వాడు నోరు తెరవడం నామోషీ అనుకున్నాడు. అరటితొక్కల మాస్టారు నయం. ఆయన చెప్పింది తప్పయినా పూర్తిగా చెప్పాడు.

పది గంటలకు యజమానురాలు పైకొచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నెలకోసారి తప్ప ఎక్కదు. వెనక మేనేజరు ఒక ప్లాస్టిక్ కుండీ మోసుకొచ్చాడు. వాళ్ళ వెనక మాస్టారు, తమాషా చూడ్డానికి.

ఆవిడ కుర్చీలో కూలబడి ముప్పై రెండు కుండీలనూ ఒక చుట్టు చూసింది. "ఏమ్మా, చెప్పిన గడువు అయిపోయింది."

పిల్ల నోరు విప్పబోయింది. నేను అడ్డం వచ్చాను.

"తప్పు నాదమ్మా."

మాట్లాడడం అలవాటు లేని మనిషి తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడితే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

"కొసలు తుంచమని నేను చెప్పాను. కొమ్మలు గుబురు కట్టాక ఆపాలి. ఆపితే కొసకు మొగ్గ కడుతుంది. ఆపమని చెప్పలేదు. ఈ పిల్ల ఇవాళ్టిదాకా తుంచింది. మొగ్గలు రాక కాదమ్మా, వచ్చినవి వచ్చినట్టు పోయాయి. నేను చెప్పినట్టే చేసింది. మీ మేనేజరు యూరియా కాదు, మాస్టారి అరటితొక్కలు కాదు. అవి వెర్రి పనులే, కానీ కారణం అవి కాదు. కారణం నేను."

"మొగ్గలొచ్చాయని రుజువేంటి?" అన్నాడు మేనేజరు. "దొరికిపోయాక అందరూ ఇలాగే చెబుతారమ్మా."

చేట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. మాస్టారి వైపు చెయ్యి చాపాను. "మీ కళ్ళజోడు ఇవ్వండి."

"నాదా? ఎందుకు?"

"ఫోనులో కనబడదు ఇది."

ఆయన ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక కొస ఎత్తి చూసింది. ఆకు విప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఇంకొకటి తీసింది. తర్వాత గోనెసంచి వైపు చూసింది.

"ఇవన్నీ పూలేనా?"

"అయ్యేవి."

"ఎన్నుంటాయి?"

"మీ అతిథులకు ఈ ఎండాకాలానికి సరిపడా ఉంటాయి."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. నేను నర్సరీకి వచ్చేవాళ్ళను నలభై ఏళ్ళు చూసిన చూపు అది. గుర్తుపట్టాను.

"నలభై ఏళ్ళ అనుభవం అన్నారట."

"అవునమ్మా."

"అన్నేళ్ళలో 'ఆపు' అనే మాట నేర్చుకోలేదా?"

మేనేజరు నవ్వాడు. అతనికి నవ్వే హక్కుంది. నేను నిలబడి ఆ నవ్వు మొత్తం విన్నాను.

"పిల్లను కిందికి పంపకండమ్మా" అన్నాను. "ఇవాళ పది కుండీలే తుంచింది. మిగతావాటికి కొసలున్నాయి. పదిహేను రోజులు ఇవ్వండి."

ఆవిడ పిల్లను చూసింది. పిల్ల దగ్గు ఆపుకుంటోంది. ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"పదిహేను రోజులు" అంది ఆవిడ. "వచ్చినవాళ్ళకు ఈ ఏడు ఆలస్యమని నేను చెప్పుకుంటా. అప్పటిదాకా ఈమె పైనే ఉంటుంది, సగం పూట కింద, సగం పూట పైన కుదరదు. మీరు రోజూ రావాలి. వచ్చి, ఈమె పక్కన నిలబడి, ఏం చెయ్యాలో, ఎందుకో, ఎప్పటిదాకానో, నోరు తెరిచి చెప్పాలి. నా డాబా మీద మూగనోములు కుదరవు."

"పూలు రాకపోతే అమ్మగారూ?" అన్నాడు మేనేజరు, ప్లాస్టిక్ కుండీ కింద పెట్టకుండానే.

"రాకపోతే అదెలాగూ ఉందిగా. ముందు కింద పెట్టు, చెయ్యి నొప్పి పుడుతుంది."

రోజూ వెళ్ళాను. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు. పిల్ల అడిగేది, నేను చెప్పేవాడిని. అదొక్కటే అయితే బాగానే ఉండేది. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేవాడు. "అయితే కొసకు ఎందుకు కడుతుంది? పక్కన ఎందుకు కట్టదు? కోత వాలుగా ఎందుకు?" ఒక ప్రశ్నకు జవాబు చెబితే దానికి నాలుగు కొమ్మలు. పళ్ళు కొరుకుతూ చెప్పాను. నాలుగో రోజున ఆయనకు చెబుతుండగా నాకే తెలియని సంగతి ఒకటి బయటపడింది. నేను ఊరికే చేసుకుపోయే పని ఒకటి ఎందుకు చేస్తానో నాకు తెలియదని. ఆయనకు చెప్పలేదు. అంత మంచివాడిని కాదు.

ఎనిమిదో రోజుకు మొగ్గలు బియ్యపు గింజలయ్యాయి. పన్నెండో రోజుకు గోరంత పొడుగు సాగాయి. పిల్ల వేళ్ళు వాటి దగ్గరికి పోయి ఆగిపోయేవి. మూడు నెలల అలవాటు. చేతులు వెనక్కి కట్టుకుని నడవమన్నాను. నవ్వుతూనే అలా నడిచింది.

పద్నాలుగో రోజు సాయంత్రం, ఎండ పిట్టగోడ దిగుతుండగా, ఇరవై రెండు కుండీల్లో పదిహేడు పూశాయి. తుంచిన పదీ ఇంకా బోడిగానే ఉన్నాయి, వాటికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. యజమానురాలు ఎక్కి వచ్చింది. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుంది. తర్వాత మేనేజరుతో, "ఆ ప్లాస్టిక్ మొక్కలు లాండ్రీలో పెట్టించు. అక్కడ కిటికీ కూడా లేదు, ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది" అంది. "లాండ్రీకి వేరే మనిషిని చూడు. ఈమె పేరు డాబా జాబితాలో రాసేయ్."

పిల్ల నా వైపు చూడలేదు. ఒంగి నీళ్ళ పైపు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టింది.

బస చేసినవాళ్ళు టీ కప్పులతో పైకొచ్చారు. "అబ్బ, ఏం వాసనండీ!" అని ఒకావిడ అంది. మేనేజరు తాళాలు తిప్పుతూ చెబుతున్నాడు: "యూరియా అండీ. మొదట్లో వేసిన బలం ఇప్పుడు పనిచేసింది." అవతల కుర్చీలో మాస్టారు ఇంకొకరికి ఫోను చూపిస్తూ అరటితొక్కలంటున్నాడు. వేణువు గురించి కూడా ఏదో అన్నాడు. నలభై ఏళ్ళు చూసిందే. కాకపోతే ఈసారి వాళ్ళను తిట్టుకోవడానికి నాకు అంత ఊపు రాలేదు.

పిల్ల చెత్తచేటతో నా దగ్గరికి వచ్చింది. అందులో ఏమీ లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి మావయ్యా?"

చెప్పాను. పూసిన కొమ్మను పూలు రాలాక రెండు కణుపుల కిందికి కోయాలని చెప్పాను. ఎందుకో చెప్పాను. మళ్ళీ వచ్చే చిగుళ్ళు ఒక్కసారి మాత్రం తుంచి ఆపాలని, ఎక్కడ ఆపాలో, ఎలా తెలుస్తుందో చెప్పాను. ఎరువు ఎప్పుడో, ఎంతో, ఎప్పుడు మానాలో చెప్పాను. వానలు మొదలయ్యాక నీళ్ళు ఎలా తగ్గించాలో, చలిలో ఎలా ఎండగట్టాలో, వచ్చే ఏడు ఏ నెలలో నరకాలో చెప్పాను. మూల కుండీని ఇవతలికి ఎలా లాగాలో చెప్పి, లాగకపోతేనే మంచిదని చెప్పి, ఎందుకు మంచిదో చెప్పడం మొదలుపెట్టాను. డాబా మీది దీపాలు వెలిగాయి. టీ తాగినవాళ్ళు సగంమంది దిగిపోయారు. నా గొంతు బొంగురుపోయింది.

"ఇంక ఆపండి మావయ్యా" అంది పిల్ల.